శ్రీశైలం తొవ్వలో పేచీ

కార్తీకంలో మల్లన్న దర్శనం చేయించమని చిన్నాయన రెండు వారాలుగా పోరు పెడితే, హయత్‌నగర్ నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. చిన్నాయన అంటే మా ఆవిడ సుధకు చిన్నాయన. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్క ప్రమాదం కూడా చెయ్యనందుకు ఇచ్చిన పతకం వాళ్లింట్లో దేవుడి పటాల పక్కనే వేలాడుతుంటుంది. సుధ రోడ్లు డిజైన్ చేసే ఇంజినీరు. కారు ఎవరు నడపాలన్నది రాత్రి భోజనాల దగ్గరే తగువైంది. మన్ననూరు గేటు దాకా చిన్నాయన, అక్కణ్నుంచి సుధ అని చివరికి రాజీ కుదిరింది. నాకూ డ్రైవింగ్ వచ్చు. ఆ ఇద్దరి ముందు ఆ మాట అనే ధైర్యం లేక పులిహోర డబ్బా పట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను. తగువు రాత్రితో తీరలేదని పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కగానే తెలిసింది.

సుధ: ఈ రోడ్డు చూడు చిన్నాయినా. చుట్టూరా 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. ఎదురొచ్చే బండి లేదు, అడ్డమొచ్చే మనిషి లేడు, మోటారు సైకిళ్లను రానివ్వరు. ఇక్కడ డ్రైవరు ఎంత మొనగాడన్నది పెద్ద లెక్కలోకి రాదు. సగం పని రోడ్డే చేస్తుంది.

చిన్నాయన: గదే రోగం బిడ్డా. సగం పని రోడ్డు చేస్తదని తెలిస్తే మిగిలిన సగం మనిషి ఎగ్గొడతడు. ఇప్పుడు టైమెంత? నాలుగున్నర. రాత్రి రెండింటి సంది ఐదింటి దాకా స్టీరింగ్ పట్టుకున్నోడు మనిషి లెక్క గాదు. ఒక్క తీరు చప్పుడు, ఒక్క తీరు గీత. కండ్లు తెరిచే ఉంటయి, లోపల ఎవడూ ఉండడు. గుంతల రోడ్డు మీద ఎవడన్న నిద్రపోయిండని ఇన్నవా?

సుధ: అందుకే కదా అంచున గరుకు పట్టీలు వేసేది. చక్రం ఎక్కిందంటే బండంతా అదిరి మెలకువ వస్తుంది.

చిన్నాయన: పట్టీ లేపుతదో, పక్కకు ఆపిన లారీ లేపుతదో అన్నది ఆ దినం రాత.

స్పీడోమీటరు ముల్లు 90 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడి ఉంది. పక్కనుంచి కార్లు రయ్యిమని పోతున్నాయి. 2023లో ఈ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 100 నుంచి 120కి పెంచారు కదా, కాస్త తొక్కండి అని నేను నసిగాను. జవాబు సుధ నుంచి వచ్చింది.

సుధ: వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద 60లో బ్రేకు తొక్కాక ఇరవై మీటర్లలో ఆగే కారు, 100లో యాభై అయిదు మీటర్లు తింటుంది. అడ్డం కంటబడి కాలు బ్రేకు మీదకు పోయేలోపల ఇంకో నలభై మీటర్లు వేరే.

చిన్నాయన: మీటర్లు గీటర్లు నాకు తెల్వదు. ముందటి బండి ఆ స్తంభం దాటినంక, నిమ్మళంగ మూడంకెలు లెక్కబెట్టినంకనే నేను దాటాలె. వాన పడితే ఆరంకెలు. మా గురువు నేర్పిన లెక్క.

సుధ: నేను చెప్పిందీ అదే.

చిన్నాయన: అదే అయితే గన్ని మీటర్లెందుకు?

తుక్కుగూడ దగ్గర ఔటర్ దిగి శ్రీశైలం రోడ్డు ఎక్కాం. ఇక్కడ చిన్నాయన చేసిన పని ఒకటి నాకు నచ్చింది. దిగంగానే వేగం 50కి తగ్గించి రెండు మూడు నిమిషాలు అలాగే పోనిచ్చాడు. ఔటర్ మీద అరగంట ఉంటే కన్ను ఆ వేగానికి మరుగుతుందట. ఆ తర్వాత 80లో పోతున్నా నడిచినట్టే ఉంటుంది. ఆ మత్తు దిగేదాకా కన్ను చెప్పేది నమ్మకూడదు, ముల్లునే చూడాలి అన్నాడు. సుధ కాదనలేదు. వాళ్ల పుస్తకాల్లో దీనికి పొడుగాటి పేరేదో ఉందని మాత్రం అంది.

కడ్తాల్ దాటాక చీకటి చిక్కబడింది. రెండు వరుసల రోడ్డు, ఎదురుగా లారీ లైట్లు సూదుల్లా.

చిన్నాయన: వాడు డిప్పర్ కొట్టడు, సరే. మనం వాని లైటు దిక్కు చూడొద్దు. ఎడమ పక్క తెల్లగీత దిక్కు చూడాలె, గీతను పట్టుకుని పోవాలె. వానికి బుద్ధి చెప్తనని మనం గూడ హై బీమ్ ఏస్తే గుడ్డోళ్లు ఇద్దరైతరు.

సుధ: గీత ఉంటే కదా! ఒక రోడ్డుకు గీత లేదు, ఒక మలుపుకు బోర్డు లేదు, ఒక కల్వర్టుకు గోడ లేదు. పొద్దున లేస్తే డ్రైవరు తాగాడు, డ్రైవరు నిద్రపోయాడు. 2022లో ఈ దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు చిన్నాయినా. అంతమందినీ అజాగ్రత్తే చంపిందా?

చిన్నాయన: అండ్ల నూటికి డెబ్బై మంది పోయింది వేగంతోని. పేపర్లనే చదివిన.

సుధ: ఆ లెక్క ఎక్కడిది? ఎఫ్‌ఐఆర్‌లది. ‘అతివేగంగా, అజాగ్రత్తగా’ అన్న ముక్క అచ్చులో ముందే ఉన్నట్టు రాస్తారు. ఆ ముక్క రాయగానే ముద్దాయి దొరికాడు, కేసు అయిపోయింది. అక్కడ మలుపు ఎంత బిగుతు, చెట్టు ఎంత దగ్గర, దీపం వెలుగుతుందా అని ఎవరు కొలుస్తారు? 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ అని ఒక సెక్షన్ పెట్టారు. రోడ్డు తప్పుగా వేసిన వాళ్లకూ, డిజైన్ చేసిన వాళ్లకూ జరిమానా ఉంది.

చిన్నాయన: ఎంత?

సుధ: లక్ష దాకా.

చిన్నాయన: డ్రైవర్‌కు జైలు, రోడ్డుకు లక్ష!

అని నవ్వి, తన నవ్వు ఎవరి వాదానికి పనికొచ్చిందో తట్టి ఆపేశాడు. కాసేపటికి ఇంకో దారి దొరికింది.

చిన్నాయన: రోడ్డుదే తప్పయితే వంకర రోడ్ల మీదనే అందరు చావాలె గదా. మరి ఎక్కువ యాక్సిడెంట్లు చక్కటి రోడ్డు మీదనే ఎందుకైతున్నయ్?

సుధ: నిజమే, ఆ ఏటి లెక్కలో మూడింట రెండు వంతులు తిన్నటి రోడ్ల మీదవే. దేశంలో తిన్నటి రోడ్డే ఎక్కువ కనుక కొంత. తిన్నటి రోడ్డు మీద మనిషికి భయం పోతుంది కనుక కొంత.

చిన్నాయన: నేను గా రెండోదే అంటున్న.

సుధ: ఆ భయం పోయిన మనిషి కోసమే నేను మాట్లాడుతున్నా. తప్పు చెయ్యని మనిషి లేడు. చేసిన తప్పుకు ప్రాణం పోకూడదు, అంతే. స్వీడన్ పార్లమెంటు 1997లోనే ఈ మాట తీర్మానం చేసింది. పక్కన చోటు లేని రోడ్లకు మూడు వరుసలు చేసి, మధ్యలో ఇనుప తీగల కంచె లాగారు. ఓవర్‌టేక్ చేసే వంతు కొంతదూరం వాళ్లది, కొంతదూరం వీళ్లది. నిద్రపోయినవాడు పోయి తీగకు తగులుకుంటాడు, ఎదురొచ్చే బండికి కాదు.

చిన్నాయన: గక్కడ తీగ గుంజుతరు. ఇక్కడ గుంజితే తెల్లారేసరికి ఇనుప సామాన్ల దుకాణంల ఉంటది. నాకు రోడ్డు మీద ఆశ లేదు బిడ్డా. డ్రైవర్ గట్టిగుంటె ఏ రోడ్డయినా నడుస్తది. ముప్పై ఏండ్లు నేను నడపలే?

సుధ: కొండగట్టు?

ఆ ఒక్క మాటకు కారులో చప్పుడు లేదు. 2018 సెప్టెంబరు 11. కొండ మీది నుంచి దిగుతున్న బస్సులో వందకు పైగా జనం. అరవై మందికి పైగా పోయారు. ఆ వార్త విన్నరోజు చిన్నాయన అన్నం ముట్టలేదని పిన్ని చెప్పేది. ఆమనగల్లు దాకా ఆయన నోరు విప్పలేదు.

చిన్నాయన: అంతమంది ఎక్కుతుంటె డ్రైవర్ ఎవర్ని దింపాలె? ముసలామెనా, సంకల పిల్లగాడున్న తల్లినా?

సుధ: నేనడిగేదీ అదే. అది డ్రైవరు గట్టితనంతో తీరే సంగతేనా?

సమాధానం రాలేదు. నా లెక్కన ఈ పాయింటు సుధది. కానీ ఆ గెలుపులో ఆమెకూ సంతోషం కనబడలేదు.

తెల్లవారుతోంది. వెల్దండ దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చారు. చిన్నాయన దూరం నుంచే యాక్సిలరేటరు మీద కాలు తీసేశాడు. కాస్త ముందు పత్తి లోడు ట్రాక్టరు ఒకటి, బోరాలు రెండు పక్కలా బయటికి ఒరిగి, వెనక ఒక్క ఎర్రదీపం కూడా లేకుండా పోతోంది. ఇంకో పావుగంట ముందొచ్చి ఉంటే చీకట్లో అది రోడ్డులో కలిసిపోయేది. తక్కువ కాంతి లైటు నలభై, యాభై మీటర్లకు మించి చూపించదు. 80లో పోయే కారు ఆగడానికి డెబ్బై మీటర్లు కావాలి. చూపు ఆనని చోటికి మనమే దూకుతున్నామన్నమాట. ఈ లెక్క సుధ చెప్పింది. చిన్నాయన దాన్ని ఇంకోలా అన్నాడు, “లైటు పడ్డ కాడికే మన జాగ.”

సుధ: వడ్లు రోడ్డు మీద పోస్తే ఎట్లా? రాళ్లకు తగిలి ఎన్ని బైకులు పడ్డాయి! ఊరికొక స్పీడ్ బ్రేకరు వేరే. పది సెంటీమీటర్ల ఎత్తు, మూడు మీటర్ల డెబ్బై వెడల్పు, రంగు, ముందు బోర్డు ఉండాలని నిబంధన ఉంది. వీళ్లు రాత్రికి రాత్రి తట్టెడు కంకర పోసి గట్టు కడతారు.

చిన్నాయన: కల్లం ఏడున్నది బిడ్డా వానికి? వాన మొగులు చూసి గుండెలు చేతుల పట్టుకుని కూసున్నడు. రోడ్డొక్కటే ఎండ పడే జాగ. గా గట్టు సంగతంటవా, గట్టు కట్టిన్రంటె ఆడ ఎవరి పిల్లగానికో లారీ తగిలిందన్నట్టు. మీ బోర్డు వచ్చేదాక ఆగితే ఇంకో పిల్లగాడు పోతడు. ఊరు కనబడంగనే ముప్పైకి వచ్చినోనికి గట్టు ఏం జేస్తది?

అనుకోకుండా ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నారు. నిబంధన పక్షం సుధది, జనం పక్షం చిన్నాయనది. ఊళ్లో వేగం ముప్పైకి దిగాలన్న దగ్గర మాత్రం తేడా లేదు. ముప్పైలో కారు తగిలిన మనిషి లేచి కూర్చునే అవకాశం ఎక్కువ, అరవైలో తగిలితే చాలా తక్కువ.

వంగూరు గేటు దాటాక చిన్నాయన కారు పక్కకు తీసి ఆపాడు. టీ బండి కూడా లేదక్కడ. దిగి, రోడ్డు అంచును చెప్పుతో గీకుతూ నిలబడ్డాడు. మేమూ దిగాం.

చిన్నాయన: ఈడ రెండు చింతచెట్లుండె. రోడ్డు పెద్దగ జేసినప్పుడు కొట్టేసిన్రు. గప్పుడు నాకు నలభై ఏండ్లు. శివరాత్రి డ్యూటీ, రెండో రాత్రి. వెనక అందరు పండుకున్నరు. గీడ నా కన్ను పడ్డది. ఎంతసేపో తెల్వదు. బస్సు దడదడ అంటె లేచి చూస్తే ఎడమ చక్రాలు రోడ్డు దిగి మట్టి మీద ఉరుకుతున్నయ్. ఒక చెట్టు దాటినంక, ఇంకో చెట్టు రాకముందు. దిగిన జాగ రోడ్డుకు సమానంగ ఉండె, గట్టి మొరం. జానెడు లోతుంటె బోర్ల పడుదుము. మెల్లగ ఎక్కించిన. కండక్టర్ లేచి ఏందన్న అన్నడు. గొడ్డు అడ్డమొచ్చిందన్న.

సుధ: ఎప్పుడూ చెప్పలేదే!

చిన్నాయన: మరుసటేడే పతకమిచ్చిన్రు. ఎట్ల చెప్పాలె?

సుధ ‘చూశావా’ అనలేదు. వంగి రోడ్డు అంచునూ, పక్క మట్టినీ వేళ్లతో తడిమి చూసింది. ఇప్పుడక్కడ నాలుగు వేళ్ల లోతు ఉంది. మొన్నటి వానలకు మట్టి కోసుకుపోయినట్టుంది. చక్రం ఇందులో దిగితే స్టీరింగ్ ఒక్కసారి కుడికి తిప్పకూడదు, తిప్పితే అంచు పట్టుకుని వదిలేసరికి బండి ఎదురు వరుసలో ఉంటుంది, వేగం తగ్గించుకుని నిదానంగా ఎక్కాలి అని నాకు చెప్పింది. నాకు కాదు, గాల్లోకి చెప్పింది. ఫోనులో రెండు ఫొటోలు తీసుకుంది.

డిండి దగ్గర చెరువు మీంచి మంచు లేచి రోడ్డును మింగేసింది. ముందు కారువాడు నాలుగు పక్కల దీపాలూ మినుకుమినుకుమనిపిస్తూ పోతున్నాడు. వాడు ఆగాడో, పోతున్నాడో, ఎటు తిరుగుతాడో తెలియక ఇద్దరూ కలిసి తిట్టారు. మంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ మీద టార్చి వేసినట్టే. డిమ్‌లో, అద్దం కాస్త దించి చెవులు బయట పెట్టి పోవాలి. మంచు, వాగు, చప్టా, వీటి మీద వాళ్లకు పేచీ లేదు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి, రెండడుగులైతే పెద్ద బండినీ లాక్కుపోతాయి. నీళ్ల కింద రోడ్డు ఉందో కొట్టుకుపోయిందో పైకి తెలియదు. ‘ముందటి లారీ పోయింది కదా’ అన్నవాళ్లే ఎక్కువ పోయారు అన్నాడు చిన్నాయన.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కార్ల వరుస. ఇది అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా గేటు వేసి ఉంటుంది. పులిహోర తిని, ఒప్పందం ప్రకారం సీట్లు మారారు. సుధ సీటు ముందుకు జరుపుకుని, అద్దాలు మూడూ సరిచేసుకుని, టైర్లకొకసారి కాలు ఆనించి చూసింది. చిన్నాయన అంతా చూస్తూ బెల్టు పెట్టుకున్నాడు.

అడవిలో కోతులకు బిస్కెట్లు వేస్తూ ఒక కుటుంబం రోడ్డు మధ్యలో బండి ఆపింది. బిస్కెట్టుకు అలవాటుపడిన కోతి టైరు కిందికి వస్తుందని వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. దోమలపెంట దాటాక దారి కృష్ణ దిక్కు వంగి దిగడం మొదలుపెట్టింది. నేను ఊరుకోలేక, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు మిగులుతుంది కదా అన్నాను. ఆ ఉదయం వాళ్లిద్దరూ ఒక్క గొంతుతో మాట్లాడింది అప్పుడే.

చిన్నాయన: ఏ గేర్ల ఎక్కుతవో గా గేర్లనే దిగాలె అల్లుడా! న్యూట్రల్ చేస్తే బండి నీ చేతుల ఉండదు, కొండ చేతుల ఉంటది. బ్రేకు మీదనే కాలు పెట్టి దిగితే నాలుగు మలుపుల్ల వాసనొస్తది. వాసనొచ్చినంక తొక్కుడు దండుగ.

సుధ: మిగిలేదీ లేదు. ఇప్పటి ఇంజిన్లలో గేరులో ఉండి కాలు తీస్తే చక్రాలే ఇంజినును తిప్పుతాయి, పెట్రోలు చుక్క పడదు. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజిను ఆగకుండా ఉండటానికి తాగుతుంది. పేపర్లో ‘బ్రేకు ఫెయిల్’ అని రాసేవాటిలో ఎన్నో ఫెయిల్ కావు, కాగిపోయినవి.

ఆమె రెండో గేరులోకి దింపింది. ఇంజిను ఊళ పెట్టింది, కారు మాత్రం తాడు కట్టినట్టు నెమ్మదించింది. మలుపు ముందు బ్రేకు కొట్టి వదిలి, మలుపులో తొక్కకుండా తిప్పుతోంది. కనబడని వంపు దగ్గర హారను. ఒకచోట కింది నుంచి యాత్రికుల బస్సు మూలుగుతూ ఎక్కుతోంది. ఎక్కే బండి ఆగితే మళ్లీ కదలడం కష్టం, దారి దానిదే. సుధ వెడల్పున్న చోటే ఆగి దానికి తొవ్వ ఇచ్చింది. బస్సు డ్రైవరు చెయ్యెత్తాడు. తనకనుకుని చిన్నాయనా ఎత్తాడు.

సుధ: ఈ మలుపులో ఇనుప పట్టీ ఉంది, చూశావా? రాతి దిమ్మెలైతే గుద్దుకున్న బండి ఆగదు. పట్టీ వంగుతుంది, బండిని మళ్లీ రోడ్డు మీదికే నెడుతుంది.

చిన్నాయన: పట్టీ దిక్కు చూడకు. ఎటు చూస్తె బండి అటే పోతది. మలుపు చివర చూడు.

సుధ మలుపు చివరికే చూసింది. కింద కృష్ణ, డ్యాము, ఎదురుగా సున్నిపెంట కొండ. చిన్నాయన చేతులు ఒళ్లో పెట్టుకుని, ఏమీ పట్టనట్టు లోయను చూస్తున్నాడు. నేను వెనక నుంచి ముందుకు వంగి చూస్తే ఆయన కుడికాలు కనబడింది. ప్రతి మలుపుకూ ఒక క్షణం ముందు, ఏమీ లేని చోట, మ్యాటును గట్టిగా తొక్కుతోంది. సుధ కాలు బ్రేకు మీదికి పోయిందీ సరిగ్గా అప్పుడే.